వరస కలవని లెక్క

స్వాతి కార్తె, మొదటి రోజు

ఈ ఉదయం 6:40కి తేలూరులో పలకరింపు సేవను రద్దు చేస్తూ లెక్కయ్య ఆదేశం వెలువరించాడు. విశాఖ కార్తె మొదటి రోజు నుంచి అమలు. అభ్యంతరం ఉన్నవారు ఈ కార్తె దాటకముందే చెప్పాలి. మాటలతో కాదు, లెక్కతో.

లెక్కయ్య మనిషి కాదు, ఊరి పాలన చూసే యంత్రం. ప్రతి ఇంటి చూరుకూ ఒక గొంతుపెట్టె వేలాడుతుంటుంది, అందులోంచి మాట్లాడతాడు. భాష పాత వాచకాన్ని చదివినట్టు ఉంటుంది. నేను ఇరవై ఏడేళ్ళు విలేకరిగా పనిచేశాను. వార్తలు కూడా లెక్కయ్యే రాయడం మొదలుపెట్టాక ఈ పలకరింపు ఉద్యోగంలో చేరాను. ఆయన వార్తలు చదివాను. తప్పులు తక్కువ, విశేషణాలు ఇంకా తక్కువ. ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకలేదు.

తేలూరు తెప్పల ఊరు. ఒడ్డు మునిగాక కట్టుకున్నది. ప్రతి ఇల్లూ ఒక తెప్ప. ప్రతి తెప్పా ఒక మోకుతో అడుగున రాతికి కట్టి ఉంటుంది. పోటు తీయగానే మోకు వదులవుతుంది, బిగించాలి. బిగించలేని వాళ్ళను పెద్ద తెప్ప మీది సత్రానికి మార్చాలని ఊరి నియమం. సత్రంలో భోజనం బాగుంటుందని చెబుతారు. అక్కడికి ఇష్టపడి వెళ్ళిన వాళ్ళు ఇంతవరకూ నాకు తారసపడలేదు.

మా పని ఒంటరిగా ఉండేవాళ్ళ తెప్పలకు వెళ్ళి కాసేపు కూర్చుని మాట్లాడి రావడం. మాట్లాడుతూ మోకు కూడా బిగిస్తాం. అది మా విధుల్లో రాసి లేదు. కానీ ఒకరింటికి వెళ్ళి చేతులు ముడుచుకు కూర్చోవడం ఈ ఊళ్ళో మర్యాద కాదు.

రద్దుకు లెక్కయ్య చెప్పిన కారణం ఇది. మేము వెళ్ళే ఇళ్ళు నూట ఇరవై, వెళ్ళనివి నూట ఇరవై. రెండు చోట్లా ఒకటే ప్రశ్న: "బాగున్నారా? ఒకటి నుంచి అయిదులో ఎంత?" మేము వెళ్ళని ఇళ్ళ సగటు 3.9. మేము వెళ్ళే ఇళ్ళ సగటు 2.1.

"కావున పలకరింపు వలన జనులు దిగులునకు లోనగుచున్నారు" అని మా ఆఫీసు పెట్టె ముగించింది.

నాతో పనిచేసే ఎల్లాజీ పెట్టె వైపు చూశాడు. ముప్పై ఏళ్ళవాడు. ఊళ్ళో అతనికి పడనివాళ్ళు లేరు.

"అంటే నా మొకం సూసి ఏడుత్తన్నారా అక్కా?"

"సగటున" అన్నాను.

"నువ్వు పేపర్లో రాసిందానివి. నువ్వే రాయి ఆడికి."

ఒప్పుకున్నాను. నా వంతు ఇళ్ళలో గరికిన ఎర్రయ్యమ్మది ఒకటి. డెబ్భై ఆరేళ్ళు. మణికట్లు పట్టు తప్పాయి. మేము వెళ్ళడం ఆగిపోతే ఆమె మోకు పట్టేవాళ్ళు ఉండరు, ఆమె తెప్ప ఆమెకు ఉండదు. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.


స్వాతి కార్తె, రెండో రోజు

ఎర్రయ్యమ్మ గురించి ఆరు పేజీలు రాసి పంపాను. ఆమె పెనిమిటి పడవ, ఆమె ఎండబెట్టే నెత్తళ్ళు, గాలివాన రోజు ఎల్లాజీ ఆమె మోకు పట్టుకుని నిలబడడం. నా మట్టుకు నాకు మంచి కథనమే.

నేను కుర్చీలో వెనక్కి వాలేలోపే జవాబు వచ్చింది.

"రచన ప్రశంసనీయము. ఇది ఒక ఇల్లు. తక్కిన నూట పందొమ్మిది ఎక్కడ?"

ఎల్లాజీ నవ్వాడు. ఇరవై ఏడేళ్ళలో ఏ సంపాదకుడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.


స్వాతి కార్తె, మూడో రోజు

హైమావతి టీచర్ దగ్గరికి వెళ్ళాను. సంఘసేవ చదువుకు వచ్చేవాళ్ళకు గణాంకాలు చెప్పి రిటైరయింది. ఇప్పుడు చేపలు ఎండబెడుతుంది. వయసులో నాకంటే పెద్ద, ఓపికలో చిన్న.

"గణాంకాలు ఎన్నాళ్ళలో నేర్చుకోవాలి?"

"ఈ కార్తెలోగా."

"చేపలు తెలుసా?"

"తింటాను."

బుట్టలో తొమ్మిది నెత్తళ్ళు వేసింది. ఒక్కోటి పది గ్రాములు ఉంటుంది. పక్కన ఇరవై కిలోల కొమ్ముకోనాం చేపను ఈడ్చుకొచ్చి పెట్టింది.

"సగటు చేప బరువెంత?"

పలక మీద లెక్క వేశాను. రెండు కిలోలు.

"రెండు కిలోల చేప ఏది ఇందులో? చూపించు."

లేదు.

"అందుకని సగటు చెప్పగానే తల ఊపకు. చేపల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి, నడిమిది చూడు. దాన్ని మధ్యగతం అంటారు. నడిమి చేప ఎంత?"

"పది గ్రాములు."

"మరి మీ నూట ఇరవై ఇళ్ళలో కొమ్ముకోనాలు ఎన్నున్నాయో వెళ్ళి చూసుకో."

పరుగున వచ్చాను. విపరీతంగా దిగులుపడే నలుగురైదుగురు సగటును కిందికి లాగి ఉంటారని నా అనుమానం. జవాబులన్నీ తెప్పించి పేర్చాను. మేము వెళ్ళే ఇళ్ళ మధ్యగతం 2. వెళ్ళని ఇళ్ళది 4.

కొమ్ముకోనాలు లేవు. అన్నీ నెత్తళ్ళే, అన్నీ దిగులుగానే ఉన్నాయి. మొదటి అనుమానం తప్పు. నమోదు చేస్తున్నాను.


స్వాతి కార్తె, అయిదో రోజు

రెండో అనుమానం ఎల్లాజీది. "ఆసుపత్రి పడవలో జబ్బోల్లు ఎక్కువుంతారు. అలాగని ఆసుపత్రి వల్లే జబ్బొచ్చినట్టా? మనకి ముందే దిగులోల్ల ఇళ్ళు ఇచ్చుంతారు."

హైమావతి టీచర్ ఈ మాటకు ఎల్లాజీకి కాల్చిన పండుగొప్ప ముక్క పెట్టింది. నాకు పెట్టలేదు.

లెక్కయ్యను అడిగాం. ఏ ఇల్లు ఎటు వెళ్ళాలో నిరుడు చీట్లు తీసి నిర్ణయించానని చెప్పాడు. పైగా సేవ మొదలు కాకముందు అందరినీ ఒకసారి అడిగాడు. అప్పుడు రెండు వైపులా సగటు 3.8.

"చీట్లు తీశాడా" అని టీచర్ చేప తిప్పడం ఆపింది. "వాడికి పని తెలుసు. మంచివాళ్ళు ఒకవైపు, దిగులువాళ్ళు ఒకవైపు పడకుండా ఉండాలంటే అదొక్కటే దారి."

"అయితే మేము వెళ్ళడం వల్లే 3.8 కాస్తా 2.1 అయిందా?"

"అయి ఉండొచ్చు" అంది. "నీకు నచ్చని జవాబు కూడా జవాబే."

తిరిగి వచ్చేటప్పుడు ఎల్లాజీ తెడ్డు వేశాడు. దారిలో ఒక ముసలాయన "ఒరే ఎల్లాజీ" అని పిలిస్తే ముఖం పక్కకు తిప్పుకుని చెయ్యి మాత్రం ఊపాడు. ఎందుకని అడిగాను.

"ఎందుకొచ్చిన గొడవ అక్కా. ఆడి సగటు పడిపోద్ది."


స్వాతి కార్తె, ఆరో రోజు

ఎర్రయ్యమ్మ తెప్ప మీద మోకు బిగిస్తున్నాను. నేను మొదటిసారి వచ్చిన రోజునే ఆమె నా ఇంటిపేరు అడిగి, ఎవరెవరినో తలచుకుని, నన్ను కోడల్ని చేసింది. నాకు పెళ్ళి కాలేదు. ఆమెకు కొడుకులు లేరు. రెండూ అడ్డు రాలేదు.

"ఏటి కోడలా, ఇయ్యాల ఆలీసెం? నాను సచ్చినాక వద్దువులే."

"బాగున్నావా అత్తా?"

"ఏటి బాగు. మోకాలు సలుపు. ఉప్పుగాలికి కళ్ళు మంట. నెత్తళ్ళు ఎండట్లేదు. ఆ పక్క తెప్పోల్ల కోడి రోజూ నాకాడికొచ్చే గుడ్డెడతాది. ఆల్లొచ్చి అట్టుకుపోతారు. నా గూట్లో ఎట్టిన గుడ్డు నాది కాదేటి? నువ్వు రాసిందానివి, సెప్పు."

చట్టం స్పష్టంగా లేదని చెప్పాను. ఆమె ఉత్సాహం పెరిగింది. గోనె సంచి కుడుతూ, కోడి నుంచి కోడి యజమానికీ, యజమాని నుంచి వాళ్ళ తాతకీ వెళ్ళింది. పాట పాడుతున్న మనిషిలా ఉంది.

ఇంతలో చూరుకున్న పెట్టె మోగింది. మంచినీళ్ళ వంతు చెప్పడానికి.

"గరికిన ఎర్రయ్యమ్మ గారికి నమస్కారము. తమరు బాగున్నారా?"

ఎర్రయ్యమ్మ సంచి పక్కన పెట్టింది. పైట సర్దుకుంది. పెట్టెకు చేతులు జోడించింది.

"తవరి దయ వల్ల సల్లగా ఉన్నాం నాయినా. ఏ లోటూ లేదు."

పెట్టె నీళ్ళ సంగతి చెప్పి ఆగిపోయింది. ఆమె సంచి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆ కోడి ముండ..."

"అత్తా, ఆగు. నాతో ఒక్క సుఖం చెప్పలేదు. దానికి ఒక్క కష్టం చెప్పలేదు. ఎందుకు?"

నన్ను జాలిగా చూసింది. "అదేటి, సుట్టమా పక్కమా? అత్త అన్నాదా, పిన్నీ అన్నాదా? వరస లేనోడి కాడ ఏడుత్తామేటి? పరువు తక్కువ కాదూ?"

మోకు ముడి సగంలో వదిలేసి పడవ ఎక్కాను. "ముడెయ్యవే" అని ఆమె వెనకనుంచి అరిచింది. వెనక్కి వెళ్ళి వేసి వచ్చాను.

ఆఫీసుకు వచ్చి లెక్కయ్యను ఒకే ప్రశ్న అడిగాను. మా ఇళ్ళలో మేమే అడిగాం, మేము వెళ్ళని ఇళ్ళలో ఈ ఏడు ఆ ప్రశ్న వేసింది ఎవరు?

"సందర్శింపబడని గృహములలో మేము. సందర్శింపబడు గృహములలో మీరు. మీరు ఎటులనూ వెళ్ళుచున్నారు గనుక మేమును అడుగుట వృథా శ్రమ యని తలచితిమి. ప్రశ్న ఒక్కటియే గదా."

ప్రశ్న ఒక్కటే. అడిగే గొంతులు రెండు.


స్వాతి కార్తె, ఏడో రోజు

"పట్టుకున్నావు" అంది హైమావతి టీచర్. నాకూ పండుగొప్ప ముక్క పెట్టింది. తినేలోపే మళ్ళీ మొదలుపెట్టింది. "ఇది ఎంతమంది చెప్పిన మాట?"

"ఎర్రయ్యమ్మ ఒక్కతే."

"తక్కిన నూట పందొమ్మిది ఎక్కడ?"

లెక్కయ్యకు ఈమె పాఠం చెప్పిందేమోనని అనుమానం వచ్చింది. అడగలేదు.

పథకం ఇలా వేశాం. మేము వెళ్ళని ఇళ్ళలోంచి నలభై తీసుకోవాలి. పేర్లు గవ్వల మీద రాసి, కుండలో కలిపి, చూడకుండా తీయాలి. ముందు వచ్చిన ఇరవై ఇళ్ళకు ఒక మనిషి వెళ్ళి, వరస కలిపి, బాగున్నారా అని అడగాలి. మిగతా ఇరవై ఇళ్ళలో ఎప్పటిలా పెట్టె అడగాలి. జవాబు నోటితో చెప్పనక్కర్లేదు. అయిదు గవ్వలు ఇస్తాం. బాగుంటే అయిదూ, బాగోకపోతే ఒకటీ గుడ్డలో ముడివేసి ఇవ్వాలి. పెట్టె అడిగే ఇళ్ళకు గవ్వలు ఇచ్చి, ముడులు తెచ్చేది మంచినీళ్ళ పడవ. రెండు వైపులా అవే గవ్వలు, అదే గుడ్డ, అదే రోజు. అడిగే గొంతు ఒక్కటే తేడా.

లెక్కయ్య అభ్యంతరం చెప్పలేదు. "న్యాయమైన కోరిక" అన్నాడు. ఓడిపోవచ్చని తెలిసీ ఒప్పుకునే అధికారిని నా ఉద్యోగ జీవితంలో ఇతన్నే చూశాను.

"నేనెల్తాను" అన్నాడు ఎల్లాజీ.

"వద్దు" అంది టీచర్. "ఇందులో మీ ఇద్దరి ఉద్యోగాలున్నాయి. కావాలన్న జవాబు మీ మొహంలో కనిపిస్తుంది. ఎందుకు అడుగుతున్నారో తెలియని మనిషి కావాలి. ఎవరితోనైనా వరస కలపగలగాలి."

నేనూ ఎల్లాజీ ఒకరినొకరం చూసుకున్నాం.


స్వాతి కార్తె, తొమ్మిదో రోజు

ఎర్రయ్యమ్మ ఇరవై ఇళ్ళకూ వెళ్ళొచ్చింది. ఎల్లాజీ పడవ నడిపాడు, తెప్ప ఎక్కలేదు. కారణం ఆమెకు చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఇరవై ఇళ్ళ కబుర్లు దొరుకుతుంటే కారణంతో పనేముంది.

టీచర్ పెట్టిన షరతు ఒక్కటే. బాగున్నారా అని అడిగాక ఎర్రయ్యమ్మ తన సంగతులు చెప్పకూడదు, వినాలి. ప్రయోగం మొత్తంలో కష్టమైన భాగం అదే.

"నోరు నొప్పెట్టిపోనాది" అంది పడవ దిగుతూ.

"మాట్లాడీ మాట్లాడీనా?"

"మూసుకునీ."

ఇరవై ఇళ్ళలో తొమ్మిది మందికి పిన్ని అయింది, ఆరుగురికి అత్త, ముగ్గురికి అక్క. ఇద్దరికి ఏమవుతుందో తేలక వదినగా స్థిరపడింది. గుడ్డముడులన్నీ తెచ్చి అప్పగించింది. తర్వాత అడగని మాట ఒకటి చెప్పింది.

"ఆ ఇళ్ళల్లో ఎనిమిదింటికి మోకులు వదులు కోడలా. కాలెట్టగానే తెలిసిపోద్ది. గాలొత్తే ఎల్లిపోతారు. ఒక్కలూ ఆ మాట అనరు. నాకాడ ఏడిసినోల్లు కూడా అనరు. మోకు అట్టుకోలేకపోతన్నామంటే సత్రానికి తోలెత్తారని బయ్యం."

ఎల్లాజీ నీళ్ళ వైపు చూస్తున్నాడు.

"నన్నూ తోలెత్తారా?" అని అడిగింది. ఎవరూ చెప్పకుండానే.

అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్న కాదు. ఆదేశం సంగతి చెప్పాను. విన్నది. పైట కొంగు ముడిలో ఒక గవ్వ మిగిలి ఉంటే విప్పి నా చేతిలో పెట్టింది.

"ఇది మీదే. లెక్క తప్పిపోద్ది."


స్వాతి కార్తె, పదకొండో రోజు

నిన్న ముడులు విప్పాం. పెట్టె అడిగిన ఇరవై ఇళ్ళలో 76 గవ్వలు, సగటు 3.8. ఎర్రయ్యమ్మ అడిగిన ఇరవై ఇళ్ళలో 43 గవ్వలు, సగటు 2.15. తేడా 1.65.

ఎల్లాజీ ఈల వేశాడు. టీచర్ వేయలేదు.

"అదృష్టం కొద్దీ వచ్చిందేమో. దిగులువాళ్ళంతా గవ్వల్లో ఇటే పడ్డారేమో."

"ఎలా తెలుస్తుంది?"

"నలభై ముడులూ కలిపెయ్. ఎవరు అడిగారో మరిచిపో. ఊరికే ఇరవై ఇటు, ఇరవై అటు పంచు. తేడా చూడు. మళ్ళీ కలుపు. అదృష్టం ఎంత పెద్ద తేడా తేగలదో అదే చెబుతుంది."

నిన్నా ఇవాళా అదే పని. రెండు వందల సార్లు కలిపి పంచాం. ఎర్రయ్యమ్మ కూడా వచ్చి కూర్చుంది. అష్టాచెమ్మా ఆడిన చేతులు, నొప్పితోనే అయినా మాకంటే బాగా కలిపాయి. అదృష్టం తేగలిగిన అతి పెద్ద తేడా 1.05. ఒక్కసారి కూడా 1.65 దరిదాపులకు రాలేదు.

అభ్యంతరం రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం: పలకరింపు వల్ల దిగులు పెరిగిందనడానికి ఆధారం లేదు, వరస కలిపి అడిగితే వెళ్ళని ఇళ్ళూ 2.15 అనే చెబుతున్నాయి, వెళ్ళే ఇళ్ళు 2.1 అన్నట్టే. రెండో వాక్యం: పలకరింపు వల్ల దిగులు తగ్గిందనడానికీ ఆధారం లేదు.

ఎల్లాజీ నా భుజం మీంచి చదివాడు. "రెండోది తీసెయ్ అక్కా. ఎవుడడిగాడు?"

"నిజం కదా."

"నిజమే. ఊరుకుంటే అబద్దం అయిపోద్దేటి?"

"రెండోది తీసేస్తే మొదటిది ఎవరూ నమ్మరు" అంది టీచర్ అవతలినుంచి, చేపలు తిప్పుతూ.

ఉంచాను. మూడో వాక్యం, మోకుల సంగతి, ఎర్రయ్యమ్మ ఇచ్చింది. అయితే ఆమె ఒక్కతే ఇచ్చిన మాట కాబట్టి ఎల్లాజీని, టీచర్‌ని పంపి ఆ ఇరవై తెప్పలూ, మేము వెళ్ళే ఇళ్ళలో చీట్లు తీసి మరో ఇరవై తెప్పలూ చూపించాను. వెళ్ళని చోట వదులు మోకులు ఎనిమిది. వెళ్ళే చోట ఒకటి. ఇళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. బాగున్నారా అని మనిషిని అడిగితే అడిగిన గొంతును బట్టి జవాబు మారుతుంది. మోకుకు మొహమాటం లేదు. దాన్ని కొలవమని కోరాను.


స్వాతి కార్తె, చివరి రోజు

ఉదయం 6:40కి పెట్టె మోగింది. ఆఫీసులో మేమిద్దరం, గవ్వల కుండతో ఎర్రయ్యమ్మ ఉన్నాం.

"అభ్యంతరము స్వీకరింపబడినది. దోషము మాదే. రద్దు ఆదేశము ఒక కార్తె నిలుపుదల. ఈలోగా రెండు వందల నలభై తెప్పల మోకులును పరీక్షింపబడును. అందరినీ ఒక్క గొంతే మరల అడుగును." కాస్త ఆగాడు. లెక్కయ్య ఆగడం నేను మొదటిసారి విన్నాను. "అందుకు ఒక సమాచారము కావలెను. వరస అను చరరాశిని నిర్వచింపగలరు."

టీచర్‌ని పిలవాలా అని ఆలోచిస్తుండగానే ఎర్రయ్యమ్మ పెట్టె కిందికి వెళ్ళి నిలబడింది.

"నీ ఇంటిపేరేటి నాయినా?"

"లేదు."

"అమ్మానాన్నా?"

"లేరు."

"పాపం" అని ఆలోచించింది. ఇంటిపేరు లేనివాడితో వరస కలపడం ఆమెకూ కొత్తే. "సరే. నాకు మేనల్లుడివి. అత్తా అను."

"ఆ పిలుపు వలన నిజమైన జవాబు లభించునా?"

"అడిగి సూడు. కానీ ఒట్టి పిలుపు కుదరదు. మేనల్లుడన్నాక నీళ్ళు మొయ్యాల, మోకు బిగించాల. నీకు సేతులున్నాయేటి?"

"లేవు."

"మరి?"

"విచారింతుము" అన్నాడు లెక్కయ్య.

ఎల్లాజీ నా చెవి దగ్గర, "ఆవిడ నీకు అత్త. ఆడు ఆవిడకి మేనల్లుడు. అంటే లెక్కయ్య నీకు అన్న వరస అక్కా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆడికి అందరూ నిజం సెప్పేత్తే, మరింక మనమెందుకు?"

తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. అది కూడా కొలవాల్సిందే.

రేపు విశాఖ కార్తె మొదటి రోజు. సేవ ఆగదు. ఉదయం ఏడు గంటలకు ఎర్రయ్యమ్మ చూరుకున్న పెట్టె ఆమెను మొదటిసారి అత్తా అని పిలిచి, బాగున్నావా అని అడుగుతుంది. ఆమె కోడి సంగతితో మొదలుపెడతానని చెప్పింది. మేనల్లుడు చట్టం చదివినవాడు, గుడ్డు ఎవరిదో తేల్చాలట. మోకుల లెక్క ఎనిమిదికి మొదలవుతుంది, ఎల్లాజీ తూర్పు వరస, నేను పడమటి వరస. ఏడున్నరకు పోటు తీస్తుంది. ఆ వేళకు నేను ఆమె తెప్ప మీద ఉండి మోకు బిగించాలి.